రైఫిల్ వీపున మోయాలంటే: మామూలు ట్రెక్కింగ్ బ్యాగుకు ఒర కుట్టించుకునే పద్ధతి

వేట బ్యాగు అని వెతికితే కనిపించేవన్నీ అమెరికా, యూరప్ కొండల్లో వేటకు తిరిగేవాళ్ల కోసం కుట్టినవి. అడుగున రైఫిల్ బట్టు (భుజానికి ఆనించే వెనక భాగం) దిగే చిన్న జేబు, పైన రెండు పట్టీలు, అంతే. రైఫిల్ మొత్తం బయటికే ఉంటుంది. జంతువు కనబడిన క్షణంలో చేతికి అందాలి కాబట్టి అక్కడ ఆ తీరు సబబే. మనకు ఆ పని లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కర్నూలులోనో, అనంతపురంలోనో, కడపలోనో రైఫిల్ ఇల్లు దాటేది షూటింగ్ రేంజికి, పోటీలకు, మరమ్మతుకు, లైసెన్సు రెన్యువల్ తనిఖీకి, లేదంటే ఎన్నికలప్పుడు అప్పజెప్పడానికి.

ఇంకో సంగతి. ఆయుధ నియమాలు 2016 ప్రకారం పొడవాటి తుపాకిని బయట తీసుకెళ్లేటప్పుడు అది దానికోసమే చేసిన, లేదా దానికోసం మార్చి కుట్టిన ఒరలో ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. మోసే మనిషి అదుపులో ఉండాలి. అంటే విదేశీ వేట బ్యాగును వేలకు వేలు పోసి తెప్పించినా, దానిమీద రైఫిల్‌ను బయటికి కట్టుకుని రోడ్డెక్కితే తప్పే అవుతుంది. ఆ బ్యాగుల నుంచి మనం తీసుకోవలసిన మంచి గుణం ఒకటుంది: బరువును వెన్నుకు దగ్గరగా ఉంచడం. కప్పడం, అదుపు అనే మిగతా రెండూ మనమే కుట్టించుకోవాలి. నడుం పట్టీ ఉన్న మంచి ట్రెక్కింగ్ బ్యాగు ఒకటి, దాని పక్కన బిగించే ఒర ఒకటి ఉంటే పని జరుగుతుంది.

ముందుగా కొలతలు

రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేయండి, బోల్టు (తూటాను లోపలికి నెట్టే కడ్డీ) వెనక్కి లాగి తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలితో తడమండి. ఆ తర్వాతే టేపు పట్టుకోండి.

తీసుకోవలసిన కొలతలు ఐదు. గొట్టం మూతి నుంచి బట్టు చివరి రబ్బరు దాకా మొత్తం పొడవు. స్కోప్ (గురి చూసే దుర్భిణి), ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ), బోల్టు పిడి మూడూ కలిసొచ్చే చోట చుట్టుకొలత. దర్జీ టేపును వాటి మీదుగా చుట్టేసి చూడండి, ఇదే అన్నిటికన్నా పెద్దది. బట్టు దగ్గర చుట్టుకొలత. ముందు సైటు దగ్గర చుట్టుకొలత. చివరగా బరువు, స్కోప్‌తో సహా. ఇంట్లో కాటా ఉంటే ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత రైఫిల్ పట్టుకుని ఎక్కండి, తేడా తీసుకోండి.

ఇక్కడి నుంచి ఉదాహరణకు 110 సెంటీమీటర్ల పొడవు, స్కోప్‌తో 4 కిలోల బరువు, స్కోప్ దగ్గర 48 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న రైఫిల్‌ను తీసుకుని లెక్కలు చెబుతాం. మీ అంకెలు వేరైతే లెక్క అదే, ఫలితం మారుతుంది. పోటీల్లో 10 మీటర్ల దూరానికి కాల్చే, గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ రైఫిల్‌కు నిబంధన ప్రకారం గరిష్ఠ బరువు 5.5 కిలోలు, దానితోపాటు బిరుసు జాకెట్, ప్యాంటు, బూట్లు కూడా మోయాలి. కాబట్టి ఎయిర్ రైఫిల్ పిల్లలే ఈ బరువు సంగతి ఎక్కువ పట్టించుకోవాలి. 50 కిలోల విద్యార్థి వీపున మొత్తం 10 నుంచి 12 కిలోలు దాటకుండా చూడండి. మిగతాది ఇంకో చేతిసంచిలో పోనివ్వండి.

బ్యాగు ఎంపిక

40 నుంచి 55 లీటర్ల బ్యాగు చాలు. లీటర్ల కన్నా ముందు చూడవలసింది నడుం పట్టీ. అది మెత్త వేసిన వెడల్పాటి పట్టీ అయి ఉండాలి, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. సన్నటి నవారు ముక్కకు బకిల్ తగిలించి నడుం పట్టీ అంటే నమ్మకండి. బరువులో ఎక్కువ భాగం తుంటి మీదికి దిగకపోతే రైఫిల్ బరువంతా ఒక భుజాన్ని కోస్తుంది.

లోపల వీపు వైపు చేయి పెట్టి తడమండి. నిలువుగా రెండు అల్యూమినియం పట్టీలో, గట్టి ప్లాస్టిక్ రేకో తగలాలి. కాలేజీ బ్యాగుకు అది ఉండదు. దానికి ఒర తగిలిస్తే బ్యాగు ఆ వైపుకు సంచిలా వంగిపోతుంది. ఎంత బాగా కుట్టించినా సర్దుకోదు.

వెన్ను పొడవు కూడా కొలవాలి. తల ముందుకు వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది. రెండు చేతులూ తుంటి ఎముకల మీద పెట్టుకుంటే వెనక బొటనవేళ్లు ఒక గీత మీదికి వస్తాయి. ఆ ఎముక నుంచి ఆ గీత దాకా దూరమే మీ వెన్ను పొడవు. పెద్దవాళ్లలో చాలామందికి 43 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. పొట్టివాళ్లు, ఆడపిల్లలు వెన్ను పొడవు సర్దుకునే ఏర్పాటున్న బ్యాగే తీసుకోవాలి. లేకుంటే నడుం పట్టీ తొడల మీదికి జారుతుంది.

పక్కల బిగింపు పట్టీలు పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి, అవి బ్యాగు కుట్టు గీతల్లోంచి బయటికి రావాలి. బట్ట మధ్యలో అతికించినట్టు కుట్టిన పట్టీ గుంతల రోడ్డు మీద ఎన్నాళ్లో ఆగదు. ఛాతీ పట్టీ తప్పనిసరి. రంగు విషయంలో ఒక మాట: సైనికుల మచ్చల రంగుల (కామొఫ్లేజ్) బట్ట వద్దు. చూసేవాళ్లు కంగారు పడతారు, చెక్‌పోస్టు దగ్గర ప్రతిసారీ ఆపుతారు. నీలమో, బూడిద రంగో ఉంటే ఎండకు నలుపంత వేడెక్కదు కూడా.

పక్కనా, నడిమధ్యనా?

బ్యాగు వెనక నడిమధ్యలో ఒర కడితే కుడి ఎడమల బరువు సమానంగా ఉంటుంది. కానీ బ్యాగు నిండుగా ఉంటే రైఫిల్ వీపుకు జానెడు పైనే వెనక్కి పోతుంది, మనిషిని వెనక్కి లాగుతుంది. పైగా తల ఎత్తితే హెల్మెట్ వెనక భాగం ఒరకు తగులుతుంది. పక్కన కడితే వెన్నుకు దగ్గరగా ఉంటుంది, ఒక వైపు బరువు తూగుతుంది. తూకాన్ని నీళ్లతో సరిచేయవచ్చు, వెనక్కి లాగుడును దేనితోనూ సరిచేయలేం. అందుకే మా మొగ్గు పక్కకే, అదీ ఎడమ పక్కకు.

ఎడమ ఎందుకంటే, బైకు ఎక్కేటప్పుడు కుడి కాలు ఎత్తి సీటు మీదుగా తిప్పుతాం. కుడి పక్కన ఒర ఉంటే దాని అడుగు తొడకూ సీటుకూ తగులుతుంది. పైగా మనల్ని దాటే బస్సులు, లారీలు కుడివైపు నుంచే పోతాయి. ఎడమన ఉండేది రోడ్డు వార సర్కారు తుమ్మ కంప. దానికి తగ్గ మందపు బట్ట వేస్తే సరిపోతుంది.

తూకం లెక్క చిన్నదే. ఎడమన 4 కిలోల రైఫిల్ వెన్నుకు 18 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 4 ఇంటు 18, 72. కుడి జేబులో 2 లీటర్ల నీళ్ల సీసా వెన్నుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 40. మిగిలిన 32కు బ్యాగు లోపల కుడి గోడకు ఆనించి 3 కిలోల సామాను 11 సెంటీమీటర్ల దూరంలో పెడితే 33, దాదాపు సరిపోయింది. దారిలో నీళ్లు తాగేస్తే తూకం మారుతుందని గుర్తుంచుకోండి. తాగే నీళ్లు వేరే సీసాలో బ్యాగు నడుమ పెట్టుకుని, పక్క సీసా చివరికి తాగండి.

ఒర కుట్టించడం

దీన్ని బట్టలు కుట్టే దర్జీ దగ్గరికి తీసుకెళ్లకండి. బైకు సీటు కవర్లు కుట్టే షాపుకు వెళ్లండి. రెగ్జిన్‌ను ఫోమ్‌తో కలిపి కుట్టే బరువైన మిషన్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. 18 లేదా 20 నంబరు సూది, నైలాన్ దారం వేయమనండి. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. గట్టిగా ఉంటుందని చిన్న చిన్న కుట్లు వేస్తే పోస్టల్ స్టాంపు అంచులా చిల్లులు పడి, బరువు పడ్డప్పుడు నవారు అక్కడే చిరుగుతుంది.

కావలసినవి: పై బట్టకు 1000 డెనియర్ (దారం మందాన్ని చెప్పే కొలత) నైలాన్, దొరక్కపోతే పి.యు. (పాలీయురేథేన్) పూత ఉన్న 600 డెనియర్ పాలిస్టర్, ఒకటింపావు మీటరు. లోపలి అస్తరుకు పలచని నైలాన్ అంతే. 8 మిల్లీమీటర్ల యోగా మ్యాట్ ఒకటి. 25 మిల్లీమీటర్ల నైలాన్ పట్టీ 6 మీటర్లు, 38 మిల్లీమీటర్లది మీటరున్నర. 25 మిల్లీమీటర్ల నొక్కుడు బకిల్స్ 4. పట్టీ పొడవు సర్దే మెట్ల బకిల్స్ 38 మిల్లీమీటర్లవి 2. డి ఆకారపు ఇనుప రింగులు 4. సూట్‌కేసులకు వేసే 10 నంబరు జిప్పు మీటరు, రెండు రన్నర్లతో. పాత టైరు పక్క గోడ నుంచి కోసిన అరచేతి కన్నా పెద్ద రబ్బరు ముక్క.

వెడల్పు లెక్క ఇలా వేయండి. స్కోప్ దగ్గర చుట్టుకొలత 48. ఫోమ్ 8 మిల్లీమీటర్లు చుట్టూ తిరిగినందుకు 5 సెంటీమీటర్లు. చేయి ఆడటానికి 5. కుట్టుకు 3. మొత్తం 61 సెంటీమీటర్లు. బట్టు దగ్గర, ముందు సైటు దగ్గర కూడా ఇదే లెక్కతో కొలిచి, బట్టను పైకి పోయేకొద్దీ సన్నగా కోయించండి. ఒకే వెడల్పుతో దిండు గలీబులా కుట్టిస్తే గొట్టం దగ్గర బట్ట వదులుగా వేలాడి, రైఫిల్ లోపల అటూ ఇటూ కొట్టుకుంటుంది. లోపలి పొడవు రైఫిల్‌కన్నా 6 సెంటీమీటర్లు ఎక్కువ, అంటే 116. కుట్లతో కలిపి బట్ట 125 కోయాలి.

ఫోమ్ రకం విషయంలో రాజీ పడకండి. మామూలు స్పాంజి చెమటను, గాలిలోని తేమను పీల్చి పట్టుకుంటుంది, రాత్రికి రాత్రే గొట్టం మీద తుప్పు చుక్కలు తేలతాయి. యోగా మ్యాట్ లాంటి, లోపలి గాలి బుడగలు దేనికది మూసుకుని ఉండే (క్లోజ్డ్ సెల్) ఫోమ్ నీళ్లు పీల్చదు. దాన్ని రబ్బరు సొల్యూషన్‌తో అతికించి వదిలేయవద్దు. మే నెలలో అనంతపురం ఎండకు బైకు మీద గంట తిరిగితే ఆ జిగురు మెత్తబడుతుంది, ఫోమ్ నెమ్మదిగా కిందికి జారి అడుగున ముద్దవుతుంది. పైన స్కోప్ దగ్గర ఉత్త బట్టే మిగులుతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు, అదే ప్రమాదం. పై బట్ట, ఫోమ్, అస్తరు మూడింటినీ కలిపి 15 సెంటీమీటర్లకొక అడ్డ కుట్టు వేయించండి, పరుపుకు వేసినట్టు.

రెగ్జిన్‌తో ఒర కుట్టిస్తే చవక. కానీ వేడికి రెగ్జిన్ జిగటపడి చెక్క బట్టు పాలిష్‌కు అంటుకుంటుంది. వద్దనే చెబుతాం.

జిప్పు అడుగు నుంచి జానెడు పైన మొదలై మూతి దాకా వెళ్లాలి. పూర్తి అడుగు దాకా వేస్తే బరువు పడే చోటే జిప్పు పళ్లు విడిపోతాయి. జిప్పు వెనక లోపల 4 సెంటీమీటర్ల వెడల్పు బట్ట రెక్క ఒకటి ఉండాలి, లేకపోతే ప్రతిసారీ పళ్లు గొట్టాన్ని గీస్తాయి. జిప్పు గీత ఒరకు బయటి వైపు ఉండాలి. బిగింపు పట్టీలు దాని మీదుగా అడ్డంగా పోతాయి కాబట్టి జిప్పు దానంతటది తెరుచుకోదు. రెండు రన్నర్ల చెవులు కలిపి చిన్న తాళం వేసుకోవచ్చు.

అడుగు గిన్నెకు, అంటే బట్టు కూర్చునే ఒర అడుగు భాగానికి, కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఒరలో ఎక్కువ పని చేసేది అదే. టైరు రబ్బరు ముక్కను బట్టు ఆకారంలో, అంచుకు 1 సెంటీమీటరు ఎక్కువగా కోసి రెండు పొరల బట్ట మధ్య పెట్టి కుట్టాలి. దాని మీద లోపల ఇంకో పొర ఫోమ్. గిన్నె కింది నుంచి 38 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి పీటలా అడుగు చుట్టూ తిరిగి రెండు పక్కలా పైకి రావాలి. ఆ పట్టీయే రైఫిల్ బరువంతా మోస్తుంది. ఒర బట్ట బరువు మోయకూడదు. పట్టీ చివరలు కుట్టేచోట చదరం, దానిలో గుణకారం గుర్తు, దాన్ని రెండుసార్లు తొక్కించమనండి. నాపరాళ్లు పరిచిన అరుగు మీద, రేంజి సిమెంటు గచ్చు మీద దింపినప్పుడు ఈ రబ్బరు విలువ తెలుస్తుంది.

బ్యాగుకు బిగించడం

ఒరను బ్యాగుకు శాశ్వతంగా కుట్టేయవద్దు. బస్సెక్కేటప్పుడు, తనిఖీకి ఇచ్చేటప్పుడు ఒర ఒక్కటే విడిగా చేతికి రావాలి. దాని మీద డి రింగులకు ఒక భుజం పట్టీ కూడా పెట్టించండి.

బిగింపు మూడు చోట్ల. అడుగు గిన్నె పట్టీ రెండు చివరలూ బ్యాగు నడుం పట్టీ బ్యాగులోకి కలిసే కుట్టు దగ్గరికి రావాలి. అక్కడే బ్యాగు అన్నిటికన్నా గట్టిగా ఉంటుంది. అక్కడ మెట్ల బకిల్స్ పెడితే ఎత్తు సర్దుకోవచ్చు. మధ్య పట్టీ ట్రిగ్గర్ గార్డుకు కింద, బట్టు మెడ దగ్గర. పై పట్టీ స్కోప్ దాటాక గొట్టం మీద, బ్యాగు భుజం పట్టీలు మొదలయ్యే ఎత్తులో. ఏ పట్టీ అయినా స్కోప్ మీదుగా, బోల్టు మీదుగా, ట్రిగ్గర్ గార్డు మీదుగా పోతే చోటు మార్చండి. స్కోప్ మీద పట్టీ బిగించడమంటే దాని రింగులను చేత్తో వంచడమే, రేంజికి వెళ్లాక గురి ఎటో పోయి ఉంటుంది.

ఎత్తు ఎంత? గిన్నె అడుగు తుంటి ఎముకకు 15 సెంటీమీటర్లు కిందికి రావాలి. తుంటి ఎముక ఎత్తులోనే పెడితే 110 సెంటీమీటర్ల రైఫిల్ తల మీద మూరెడు పొడుచుకొస్తుంది. 15 కిందికి దించితే తల మీద జానెడు కొంచెం పైన మిగులుతుంది. ఇంకా దించితే నడిచేటప్పుడు తొడ వెనక కొడుతుంది, బైకు సీటుకు ఆనుతుంది. సీటుకు ఆనితే ప్రతి గుంత దెబ్బా నేరుగా బట్టు నుంచి స్కోప్‌కు పోతుంది. కూర్చుని చూడండి, సీటుకూ గిన్నెకూ మధ్య మూడు వేళ్ల సందు ఉండాలి. పై చివర తలకు దూరంగా 5 సెంటీమీటర్లు బయటికి వాలేలా పై పట్టీని కొంచెం వదులు చేస్తే మెడ తిప్పడానికి అడ్డు రాదు.

బిగించే వరుస ముఖ్యం: ముందు అడుగు, తర్వాత పై పట్టీ, ఆఖరున మధ్యది. మధ్యది ముందు బిగిస్తే రైఫిల్ అక్కడ ఇరుసు మీద చక్రంలా తిరుగుతుంది. పైది వదులుగా ఉంటే నడకకు గడియారం లోలకంలా ఊగుతుంది; అర కిలోమీటరుకే ఎడమ భుజం లాగుతోందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

ముందు పైపుతో నడవండి

కొత్త ఒరలో మొదటి రోజే రైఫిల్ పెట్టకండి. హార్డ్‌వేర్ షాపులో అంగుళం జి.ఐ. పైపు 110 సెంటీమీటర్ల ముక్క కోయించుకోండి. మీడియం రకం అయితే అది సుమారు 2.7 కిలోలు ఉంటుంది. కింది సగంలో కిలో మూడొందల గ్రాముల ఇసుక మూట కట్టండి, 4 కిలోలు అయింది. రైఫిల్ బరువు కూడా యాక్షన్ (బోల్టు, ఛాంబర్ ఉండే నడిమి భాగం), బట్టు వైపే ఎక్కువ కాబట్టి తూకం దగ్గరగా వస్తుంది.

దీన్ని ఒరలో పెట్టి 15 నిమిషాలు నడవండి, పది మెట్లు ఎక్కి దిగండి, వంగి చెప్పులు వేసుకోండి, బైకు మీద మట్టి రోడ్డున రెండు కిలోమీటర్లు పోండి. తర్వాత కుట్లు చూడండి. దారం పక్కన బట్ట చిల్లులు సాగి కనిపిస్తే అక్కడ లోపల ఇంకో బట్ట ముక్క వేసి మళ్లీ కుట్టాలి. బకిల్స్ దగ్గర పట్టీకి సున్నపు ముక్కతో గీత పెట్టండి. తిరిగొచ్చేసరికి గీత జారి ఉంటే బకిల్ పట్టు చాలడం లేదు, పట్టీని బకిల్‌లో రెండో మడత తిప్పండి.

రైఫిల్ పెట్టే పద్ధతి

బోల్టు తీసి గుడ్డలో చుట్టి బ్యాగు లోపలి జేబులో పెట్టండి. తూటాలు వేరే పెట్టెలో, బ్యాగు అడుగున, తాళం వేసి. ఒక్క తూటా కూడా ఒర జేబులో ఉండకూడదు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ అయితే స్ప్రింగ్ ఎక్కించి ఉందేమో చూడండి. ఎక్కించి మోయడం ప్రమాదం, స్ప్రింగ్ కూడా నీరసపడుతుంది.

ఎయిర్ రైఫిల్‌కు కొట్టొచ్చినట్టు కనిపించే రంగు సేఫ్టీ తీగ గొట్టం పొడవునా వెళ్లి మూతి నుంచి బయటికి కనబడాలి, పోటీ నిబంధనలూ అదే అంటాయి. 4.5 మిల్లీమీటర్ల గొట్టానికి గడ్డి కోసే మిషన్ల 2 మిల్లీమీటర్ల నారింజ రంగు నైలాన్ తీగ చక్కగా సరిపోతుంది. ఎవరు ఒర తెరిచినా తూటా లేదని చూడగానే తెలుస్తుంది.

అనంతపురం ఎర్ర దుమ్ము, కర్నూలు నల్లరేగడి పొడి జిప్పు సందులోంచి కూడా దూరతాయి. గొట్టం మూతికి రంగు రబ్బరు తొడుగు పెట్టి, దానికి ఎర్ర రిబ్బను కట్టి, ఆ రిబ్బను రెండో కొసను ఒర లోపలే కుట్టేయండి. రైఫిల్ బయటికి తీస్తే తొడుగు ఒరలోనే ఊడి ఉండిపోతుంది. తూటా రైఫిల్‌కు ఇది చిన్న విషయం కాదు. మూతి మూసుకుని ఉండగా పేలిస్తే గాలి, పొగ పోవడానికి దారి లేక గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. గుడ్డ పేలికలు, దూది ఎప్పుడూ కుక్కకండి.

బైకు, బస్సు, గుమ్మం

బైకు మీద ఇద్దరు పోతుంటే ఒర వెనక కూర్చున్నవాళ్ల వీపునే ఉండాలి. ఒర కొస హెల్మెట్ కన్నా జానెడు పైన ఉంటుందని ఇద్దరికీ గుర్తుండాలి. వేప కొమ్మలు, పందిళ్లు, ఊళ్లలో అడ్డంగా కట్టిన వైర్లు దానికి తగులుతాయి. ఇంటి గుమ్మంలో వంగితే ఇంకో చిక్కు: నడుం వంగగానే గొట్టం మూతి ముందుకు దూసుకొచ్చి గుమ్మానికో, ఎదుటి మనిషికో తగులుతుంది. పాత ఇళ్ల పొట్టి గుమ్మాల దగ్గర బ్యాగు బయటే దింపి, ఒర విప్పి చేత్తో లోపలికి తీసుకెళ్లండి.

బస్సు ఎక్కవలసి వస్తే ముందే డ్రైవరుకు, కండక్టరుకు చెప్పి, కాగితాలు చూపించి, వాళ్లు ఒప్పుకుంటేనే ఎక్కండి. ఒర విప్పి, మోకాళ్ల మధ్య నిలువుగా పట్టుకుని కూర్చోండి. పై అరలో పెడితే మీ అదుపులో లేనట్టే. బస్సు వెనక డిక్కీలో వేయడం అంతకన్నా తప్పు.

లైసెన్సు అసలు పుస్తకం, రేంజి లేదా పోటీ పిలుపు కాగితం, గుర్తింపు కార్డు ఛాతీకి దగ్గరున్న జేబులో ఉండాలి. వాటికోసం ఒర తెరవాల్సిన అవసరం రాకూడదు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు, అయినా కొన్న బిల్లు దగ్గరుంచుకోండి, అది ఎయిర్ రైఫిలే అని చెప్పడానికి అదే ఆధారం. పోలీసు ఆపితే చేతులు ఒర మీదికి పోనివ్వకుండా ముందు నోటితో చెప్పండి: ఒరలో రైఫిల్ ఉంది సార్, ఖాళీగా ఉంది, బోల్టు విడిగా ఉంది అని. తెరవమంటేనే తెరవండి.

దారి ఎంచుకోవడంలో ఒక నిబంధన చాలామంది మరిచిపోతారు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో ప్రవేశించకూడదు. లైసెన్సు ఉన్నా సరే. ఆత్మకూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే రోడ్డు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోతుంది. కడప వైపు లంకమల అభయారణ్యం ఉంది. 1986లో కలివికోడి అనే అరుదైన పిట్ట మళ్లీ కనిపించిన అడవి అది. కర్నూలు వైపు బట్టమేక పిట్ట కోసం ఏర్పాటైన రోళ్లపాడు ఉంది. రైఫిల్ వీపున ఉన్న రోజు ఈ దారులు మానుకుని, పది కిలోమీటర్లు ఎక్కువైనా చుట్టు తిరిగి పోండి.

ఎండ

మన మూడు జిల్లాల్లోనూ ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు మామూలే. ఎండలో నిలిపిన కారులో వేడి ఇంకా పైకి పోతుంది. గాలి సిలిండర్ ఉన్న ఎయిర్ రైఫిల్‌కు దీని లెక్క స్పష్టం: 30 డిగ్రీల దగ్గర 200 బార్ నింపిన సిలిండర్ 60 డిగ్రీలకు చేరితే లోపలి ఒత్తిడి దాదాపు 220 బార్ అవుతుంది. అందుకే ప్రయాణం రోజున పూర్తిగా నింపకుండా 150 దగ్గర ఆపి, రేంజిలో నింపుకోవడం మంచిది. సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీ కూడా చూసుకోండి. ఒర మీద తెల్లటి పంచె ముక్క కప్పితే లోపలి వేడి బాగా తగ్గుతుంది. తడిగుడ్డ మాత్రం వద్దు.

ఇంటికి రాగానే రైఫిల్‌ను ఒరలోంచి తీసేయండి. ఒర మోయడానికే, దాచడానికి కాదు. లోపల చిక్కిన చెమట ఆవిరికి రెండు రోజులు చాలు, తుప్పు పట్టడానికి. గొట్టం పైన నూనె గుడ్డతో తుడిచి, రైఫిల్‌ను తాళం వేసే బీరువాలో, బోల్టు, తూటాలు వేరే తాళంలో పెట్టండి. ఒరను తిరగేసి దుమ్ము దులిపి, నీడలో జిప్పు తెరిచి ఆరవేయండి. ముళ్లు గుచ్చుకుని ఉంటే లోపలి వైపు నుంచి చేత్తో తడిమి తీసేయండి; తుమ్మ ముల్లు ఫోమ్‌లో విరిగి మిగిలితే వచ్చేసారి చెక్క బట్టు మీద గీత పెట్టేది అదే. నెలకోసారి జిప్పు పళ్లకు కొవ్వొత్తి మైనం రుద్దండి. నూనె రాస్తే దుమ్ము అంటుకుంటుంది. అడుగు గిన్నె పట్టీ కుట్లు ప్రతి ప్రయాణం తర్వాతా చూడండి, ఒక్క దారం తెగి కనిపించినా సీటు కవర్ల షాపులో మళ్లీ తొక్కించాకే బయటికి తీయండి.